కెమ్నిట్స్‌లో పదకొండు నెలలు: క్లాసు, రూము, సూపర్ మార్కెట్. ఈ ఊరి మనుషుల్ని ఎక్కడ కలవాలి?

ఉప్పుటేరు_గట్టు (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర పల్లె. జర్మనీలో కెమ్నిట్స్‌కి వచ్చి పదకొండు నెలలైంది. ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. హాస్టల్లో మా అంతస్తులో తొమ్మిది మందిమి ఉంటే అందులో ఏడుగురం తెలుగువాళ్లమే. సాయంత్రమైతే కుక్కర్ విజిళ్లు, పప్పుచారు, క్రికెట్టు. దానికేం లోటు లేదు.

మొన్న అమ్మ ఫోన్ చేసి "అక్కడి జనం ఎలా ఉంటార్రా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే ఆవిడతో తప్ప ఈ ఊరి మనిషితో నేను ఐదు నిమిషాలు మాట్లాడిందే లేదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

రెండో సంగతి ఉద్యోగం. వర్కింగ్ స్టూడెంట్ జాబ్‌కని 64 కంపెనీలకి మెయిళ్లు పెట్టాను. మూడింటి నుంచి జవాబు వచ్చింది, మూడూ కాదనే. మన ఫీల్డులో పనిచేసేవాళ్లని నేరుగా కలిస్తే బాగుంటుందని ఒక ఈవెంట్‌కి కూడా వెళ్లాను. అందరూ గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. గోడ పక్కన నలభై నిమిషాలు నిలబడి, రెండు గ్లాసుల నీళ్లు తాగి తిరిగొచ్చేశాను.

నా జర్మన్ ఏ2, అంటే ఆరు మెట్లలో రెండోది, దాటలేదు. మందు తాగను. ఎక్కడికి వెళ్లాలి, వెళ్లి ఏం మాట్లాడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_బిడ్డ (ఆదివారం రాత్రి)

తమ్మీ, నేను ఆఖెన్‌ల ఉంట. నువ్వు జెప్పిన ఆ గోడ పక్కన నిలవడుడు నాక్గూడ ఎర్కే. మొదటి ఏడాది నాలుగుసార్లు గట్లనే నిలవడి వచ్చిన.

నాకు అర్థమైంది ఒక్కటే. వందమంది వచ్చే ఈవెంట్‌కి పోకు, పదిమంది కూసునే కాడికి పో. వందమంది ఉన్నకాడ ఎవరి దోస్తులు వాళ్లకు ముందే ఉంటరు, నీ దిక్కు జూసే తీరిక ఎవ్వలికి ఉండది. పదిమంది ఉన్నకాడ నువ్వు రాకపోతే కూడ తెలుస్తది.

నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల గుంపు ఒకటి పట్టుకున్న. నెలకొక్కసారి కలుస్తరు. ముందురోజు దాన్ని నడిపేటాయనకు మెయిల్ పెట్టిన: "నేను కొత్త, జర్మన్ సరిగ రాదు, ఓ పావుగంట ముందొచ్చి కుర్చీలు వెయ్యనా?" అని. ఆయన సంబురపడి రమ్మన్నడు. ఇద్దరం కల్సి ఇరవై కుర్చీలు వేసినం, ప్రొజెక్టర్ తీగ జోడించినం. గంతే. వచ్చినోళ్లందరికి "ఈన ఇయ్యాల మనకు సాయం జేసిండు" అని ఆయనే పరిచయం జేసిండు. చేతిల పని ఉంటే నిలవడుడు కష్టం గాదు తమ్మీ. ఉత్తచేతులతోని నిలవడుడే కష్టం.

ఇంకోటి. ఒక్కసారి పోయి ఊకోవద్దు. మొదటిసారి పోతే నువ్వు సుట్టానివి, మూడోసారి పోతే ఇంటోనివి.

ఇసార్_ఒడ్డున (సోమవారం పొద్దున)

బాబూ, మ్యూనిక్ వచ్చి నాకు పద్నాలుగేళ్లు. పై తమ్ముడు కుర్చీల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అదెందుకు పనిచేస్తుందో నాకు తెలిసినంత చెబుతాను.

మన ఊళ్లో అరుగు మీద కూర్చుంటే దారినపోయేవాడు పలకరిస్తాడు. ఇక్కడ అరుగులు లేవు. వాటి బదులు "ఫెరైన్" ఉంది, అంటే సంఘం. ఏడుగురు కలిస్తే చాలు, చట్టప్రకారం నమోదు చేసుకోవచ్చు. దేశం మొత్తమ్మీద నమోదైన సంఘాలు 6 లక్షలకు పైనే. చదరంగానికొకటి, కోరస్ పాటకొకటి, తేనెటీగలకొకటి, రైలు బొమ్మలకొకటి. ఊళ్లలో మంటలార్పేది కూడా చాలాచోట్ల జీతంలేని వాలంటీర్లే. జర్మన్లు ముభావంగా ఉంటారని మనవాళ్లు అంటుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అసలు సంగతేమిటంటే వాళ్లు బస్‌స్టాపులో మాట కలపరు. బల్ల చుట్టూ కూర్చుని ఒకే పని చేస్తున్నప్పుడు కలుపుతారు. ఆ బల్ల దగ్గరికి మనం వెళ్లాలి.

ఇంజనీర్లని కలవాలంటే విడిఐ అని ఇంజనీర్ల సంఘం ఉంది, 1856లో పుట్టింది. దాదాపు ప్రతి ప్రాంతంలో శాఖ ఉంటుంది, విద్యార్థులకి చందా తక్కువ. ఫ్యాక్టరీ సందర్శనలు, ఉపన్యాసాలు పెడతారు. ఫ్యాక్టరీ చూపించినాయన్ని ఆ యంత్రం గురించే రెండు ప్రశ్నలు అడుగు. తన పని గురించి అడిగితే ఏ ఇంజనీరైనా అరగంట నిలబడి చెబుతాడు. అక్కడ సీవీ మాత్రం బయటికి తీయకు.

కొండలెక్కే ఓపిక ఉంటే ఆల్పైన్ సంఘం ఉంది. 1869లో మా మ్యూనిక్‌లోనే మొదలైంది. కొండలు లేని ఊళ్లలోనూ శాఖలున్నాయి. ఆరుగంటలు పక్కపక్కన నడిచాక కొత్తదనం దానంతటదే పోతుంది.

ఇప్పుడే మొదలుపెట్టు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు కదా, అప్పుడు చూద్దామనుకుంటారు చాలామంది. ఆ 18 నెలలూ కంగారులో గడుస్తాయి. కంగారుగా ఉన్నవాడి మాటలో అవసరం కనిపిస్తుంది, అవతలివాళ్లకది ఇట్టే తెలిసిపోతుంది.

ఉప్పుటేరు_గట్టు (సోమవారం సాయంత్రం)

అన్నా, అంకుల్, ఇద్దరికీ చాలా థాంక్స్. కుర్చీల మాట నాకు బాగా నచ్చింది. కానీ నా భయమంతా భాష దగ్గరే. వాళ్లు మొదలుపెట్టిన పది సెకన్లకే నాకు తెగిపోతుంది. అది గమనించి వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారతారు. ఇంగ్లిష్‌లో వాళ్లకి ఇబ్బంది, జర్మన్‌లో నాకు ఇబ్బంది. ఇక మాట అక్కడే ఆగిపోతుంది.

మానేరు_చెల్లె (సోమవారం రాత్రి)

నేను స్టుట్‌గార్ట్‌ల ఉంట, మాది కరీంనగర్. భాష సంగతి నేను చెప్త.

మాటలు రానప్పుడు మాటలతో పనిలేని కాడికి పోవాలె. నేను కోరస్‌ల చేరిన. నాకు సంగీతం రాదు, బడిల పాడిన బతుకమ్మ పాటలు తప్ప. పరీక్ష పెట్టని కోరస్‌లు మస్తు ఉంటయి, ఎవ్వరొచ్చినా తీసుకుంటరు. కాగితం మీద పాట ఉంటది, పక్కామె వేలు పెట్టి ఏ లైన్ల ఉన్నమో చూపెడ్తది. ఒక్క మాటను ఇరవైసార్లు పాడిపిస్తరు, ఉచ్చారణ దానంతటదే కుదురుతది. ఆర్నెల్లకు నా జర్మన్‌ను అందరు మెచ్చుకునుడు మొదలువెట్టిన్రు. క్లాసుల రాని ధైర్యం నాకు ఆడ వచ్చింది.

వాళ్లు ఇంగ్లిష్‌లకు మారితే మర్యాదగ చెప్పు: "నేను నేర్చుకుంటున్న, దయచేసి మెల్లగ జర్మన్‌లనే చెప్పండి" అని. ఇది ఒక్కటి జర్మన్‌ల బట్టీ పట్టు. వాళ్లు చాలా ఓపికగ చెప్తరు. సిటీ లైబ్రరీలల్ల, చర్చిలల్ల భాషా కెఫేలు పెడ్తరు. ఆడికొచ్చేటోళ్లల్ల రిటైరైన టీచర్లు ఎక్కువ. నీ తప్పులు సరిచేసుడు వాళ్లకు ఇష్టమైన పని. టాండెం అని ఇంకోటి ఉంటది: గంటల సగం వాళ్ల భాష, సగం నీ భాష. తెలుగు నేర్చుకుంటమనేటోళ్లు దొరుకుడు కష్టం గని ఇంగ్లిష్ మంచిగ చేసుకోవాలనుకునేటోళ్లు దొరుకుతరు.

మందు గురించి రంది వెట్టుకోకు. ఆపిల్ రసంల సోడా కలిపింది అడుగు, "అప్ఫెల్‌షోర్లే" అంటరు. ఎవ్వరు ఏమనరు. గ్లాసు తాకిచ్చేటప్పుడు మాత్రం కండ్లల్లకు చూడాలె, అది వాళ్లకు ముఖ్యం.

ఇది చదివే చెల్లెండ్లకు ఒక మాట. మొదటిసారి పోయేటప్పుడు నలుగురు తిరిగే జాగనే ఎంచుకోండ్రి. ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకోండ్రి, ఏడికి పోతున్నరో రూమ్మేట్‌కు చెప్పి పోండ్రి. ఒక్కరే ఒక్కరిని ఇంటికి పిలిస్తే మొదట్ల పోవద్దు. మనసుకు ఏదన్న సరిగ అనిపియ్యకపోతే కారణం చెప్పకుంటనే లేచి రావచ్చు. మర్యాదకు పోయి కూసోవద్దు.

పెన్నా_ఇసుక (మంగళవారం)

అక్క చెప్పినవన్నీ నిజం. నేనొక హెచ్చరిక చెప్పాలి. పోయిన సంవత్సరం "అంతర్జాతీయ నిపుణులతో పరిచయ సాయంత్రం" అని ప్రకటన చూసి 35 యూరోలు కట్టి వెళ్లాను. పేరెందుకులే. హాల్లో అరవైమంది, అందరం ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లమే, ఉద్యోగమిచ్చే మనిషి ఒక్కడూ లేడు. గంట తర్వాత ఒకాయన మైకు తీసుకుని ఇంటర్వ్యూ కోర్సు అమ్మడం మొదలుపెట్టాడు. 35 యూరోలంటే నాకు రెండు వారాల కూరగాయలు.

ఇప్పుడు డబ్బు కట్టే ముందు మూడు చూస్తాను. ఇదే గుంపు పోయిన ఆరునెలల్లో కలిసిందా, మాట్లాడేవాళ్లెవరో ముందే చెప్పారా, వచ్చేవాళ్లలో ఇప్పటికే ఉద్యోగం చేస్తున్నవాళ్లున్నారా. టెక్నికల్ మీటప్‌లు నేను చూసినంతలో ఊరికేనే ఉన్నాయి. ఏదో ఒక కంపెనీ హాలిచ్చి, పిజ్జా కూడా పెడుతుంది.

ఉత్తరాంధ్ర_లీడ్స్ (మంగళవారం)

నేనున్నది ఇంగ్లండ్, అయినా పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ నన్ను నిలబెట్టింది పార్క్‌రన్. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలైంది. శనివారం పొద్దున 9 గంటలకి, 5 కిలోమీటర్లు, పైసా అక్కర్లేదు. పరుగెత్తాలని కూడా లేదు, నడవొచ్చు. 2017 నుంచి జర్మనీలోనూ ఉంది, మీ దగ్గర్లో ఉందేమో చూసుకో.

నాకు పరుగు రాదు. అందుకని వాలంటీరుగా వెళ్లాను. వచ్చినవాళ్ల బార్‌కోడ్ స్కాన్ చేసే పని ఇచ్చారు. రెండొందల మంది వరసగా నా ముందు నుంచి ఒగర్చుకుంటూ వెళ్లారు, అందరూ థాంక్స్ చెప్పారు. ఈ దేశంలో ఒక్క గంటలో అంతమంది నా ముఖం చూసి నవ్వడం అదే మొదటిసారి. అయ్యాక అందరూ కాఫీకి వెళ్తారు. మూడోవారం పక్కన కూర్చున్నావిడ సివిల్ ఇంజనీరు, వంతెనలు చూస్తుంది. నా థీసిస్ కూడా వంతెనల మీదే. ఇప్పటికీ ఏదైనా సందేహమొస్తే ఆవిడకే మెయిల్ పెడతాను.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఊరికే సాయపడటం వేరు, జీతంలేకుండా ఒక సంస్థలో ఒప్పందం మీద ఉద్యోగంలా చేయడం వేరు. రెండోది వీసా పనిగంటల్లో లెక్కకొస్తుంది. ముందే యూనివర్సిటీ వీసా ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

గోంగూర_బ్రెమెన్ (మంగళవారం రాత్రి)

నాకొక బాధ ఉంది, చెప్తాను. ఇలాంటి చర్చ ఎక్కడ వచ్చినా మనవాళ్లతో కలిసి ఉండటమే తప్పన్నట్టు మాట్లాడతారు. పోయిన జనవరిలో నాకు 103 జ్వరం. పక్క గది నెల్లూరు కుర్రాడు మూడు రాత్రులు నా దగ్గర కూర్చున్నాడు, వాళ్లమ్మని ఫోన్లో అడిగి జావ కాచి పోశాడు. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీలో మన దేశం విద్యార్థులు 49 వేలు దాటారు. అంతమందిమి ఉన్నప్పుడు ఒకరికొకరం ఆసరా కాకపోతే ఎట్లా? ఆ అంతస్తు తెలుగువాళ్లని వదిలి వెళ్లమని మాత్రం ఎవరూ చెప్పకండి.

ఇసార్_ఒడ్డున (బుధవారం)

వదలమని చెప్పను బాబూ, ఎప్పుడూ చెప్పను. మా నాన్నగారు పోయినప్పుడు టికెట్ కొని, పెట్టె సర్ది నన్ను విమానం ఎక్కించింది మన తెలుగువాళ్లే. వారంలో ఆరు సాయంత్రాలు వాళ్లతో గడుపు, ఏడోది ఈ ఊరికివ్వు. తీరితే మీ అంతస్తు తెలుగువాళ్లలో ఒకర్ని వెంట తీసుకెళ్లు. ఇద్దరే వెళ్లండి, నలుగురు వద్దు. నలుగురు వెళ్తే మళ్లీ తెలుగులోనే మాట్లాడుకుంటారు.

ఎల్బే_గాలి (బుధవారం)

కెమ్నిట్స్ పేరు చూసి ఆగాను. నేను డ్రెస్డెన్‌లో ఉంటాను, మీ ఊరికి నెలకోసారి వస్తుంటాను. మీటప్ యాప్‌లో వెతికితే ఆ ఊరు దొరకదు తమ్ముడూ. అది యంత్రాల ఊరు, ఒకప్పుడు సాక్సనీ మాంచెస్టర్ అని పేరు. ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసిన పెద్దవాళ్లు ఇప్పుడక్కడ బోలెడంతమంది ఉన్నారు, వాళ్లకి చేతులూరుకోవు. 2025లో ఐరోపా సాంస్కృతిక రాజధాని అయినప్పుడు "3000 గరాజ్‌లు" అని ఒక కార్యక్రమమే చేశారు. తూర్పు జర్మనీ కాలంలో జనం తమ చేతుల్తో కట్టుకున్న గరాజ్‌ల గురించి, వాటిలో కూర్చుని బళ్లు బాగుచేసుకునే మనుషుల గురించి.

నీకు సరిపోయేది రిపేర్ కెఫే. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది, ఇప్పుడు జర్మనీలో చాలా ఊళ్లలో ఉన్నాయి. జనం పాడైన వస్తువులు తెస్తారు, వాలంటీర్లు వాళ్లతో కలిసి బాగుచేస్తారు. నువ్వు ఇంజనీరువి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు కదా. అక్కడ వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు, వస్తువు చూపించి మాట్లాడొచ్చు. ఒకసారి వెళ్లి చూడు.

ఉప్పుటేరు_గట్టు (ఏడు వారాల తర్వాత)

అందరికీ మళ్లీ నమస్కారం. ఏం జరిగిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పరీక్షలయ్యాక ఇప్పటికి తీరింది.

ఇక్కడి రిపేర్ కెఫేకి వెళ్లాను. ఓరుగల్లు అన్న చెప్పినట్టే ముందు మెయిల్ పెట్టాను, అరగంట ముందు వెళ్లి బల్లలు వేశాను. మొదటి శనివారం టీ కెటిల్స్ అందించడం, స్క్రూలు చిన్న గిన్నెల్లో విడదీసి పెట్టడం, అంతే నా పని. నా పక్కనున్న పెద్దాయనకి డెబ్బై దాటాయి, యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశారట. నేనేమడిగినా "ను" అంటున్నారు. వద్దంటున్నారనుకుని రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తర్వాత తెలిసింది, ఇక్కడి సాక్సన్ యాసలో "ను" అంటే "అవును" అని.

రెండోసారి వెళ్లినప్పుడు ఒకావిడ చేతి మిక్సరు తెచ్చింది. ఆర్‌జీ 28 అని తూర్పు జర్మనీ కాలంలో జూల్ ఊళ్లో చేసేవారట, ఇప్పటికీ చాలా ఇళ్లలో వాడుతున్నారు. స్విచ్చి వేస్తే కాసేపు తిరిగి, లోపల నిప్పురవ్వలు కొట్టి ఆగిపోతోంది. కాలిన వాసన. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా వీధి చివర మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గర వేసవి సెలవులన్నీ కూర్చునేవాణ్ణి. అమ్మ మిక్సీకి రెండేళ్లకోసారి కార్బన్లు మార్పించేది. పెద్దాయన ఇంకా మూత విప్పుతుండగానే నేను "కార్బన్!" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, విప్పి, అరిగిపోయిన ముక్కని అరచేతిలో పెట్టుకుని చూపించారు. బియ్యపు గింజంతే మిగిలింది. "కోలెబ్యూర్‌స్టె" అని మెల్లగా రెండుసార్లు పలికించారు. బొగ్గు బ్రష్షు అని అర్థం.

సరిపోయే ముక్క డబ్బాలో లేదు. పెద్దది తీసుకుని గరుకు కాగితం మీద రుద్ది సన్నం చేయాలని నేనే చూపించాను, మా వీధిలో చేసినట్టు. ఇరవై నిమిషాలు రుద్దాను. చేతులంతా నల్లగా అయ్యాయి. మిక్సరు తిరిగినప్పుడు ఆవిడ చప్పట్లు కొట్టింది. పెద్దాయన చెయ్యి తుడుచుకుని నాకు చెయ్యిచ్చి తన మొదటి పేరు చెప్పారు, ఇకనుంచి "జీ" వద్దు "డూ" అనమన్నారు. మనలో మీరు నుంచి నువ్వుకి రావడం లాంటిదది. తాతయ్య వయసాయన, నాకు నోరు రావడం లేదు. ఇప్పటికీ ఆయనతో మాట్లాడేటప్పుడు ఒక క్షణం ఆగుతాను.

పక్క బల్ల దగ్గర ఒకాయన వైరింగ్ పరీక్షించే పరికరాలు చేసే కంపెనీలో ఉన్నారు. నేను ఉద్యోగం అడగలేదు. ఆయనే ఏం చదువుతున్నావని అడిగి, నా దరఖాస్తు ఉత్తరం చూపించమన్నారు. చదివి, "ఇందులో ఈ కార్బన్ లాంటిది ఒక్కటీ లేదే" అన్నారు. నిజమే, 64 మెయిళ్లలోనూ కష్టపడి పనిచేస్తానని రాశాను తప్ప చేతులతో ఏం చేశానో రాయలేదు. తిరగరాసి ఐదు కంపెనీలకి పంపాను. రెండింటి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఒకటి అయ్యింది, జవాబు రావాలి. ఇంకొకటి వచ్చే వారం.

మిక్సరు బాగుచేసిన రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఆ సంగతంతా గంటసేపు చెప్పాను. నల్లబడ్డ చేతులు వీడియోలో చూపిస్తే, "నిమ్మకాయతో రుద్దుకోరా, పోతుంది" అంది.

మానేరు_చెల్లె (అదే రోజు)

కండ్లల్ల నీళ్లొచ్చినయి తమ్ముడూ. ఇంటర్వ్యూ మంచిగ కావాలె. ఆ పెద్దాయనకు మన దిక్కు సకినాలు ఓ పొట్లం ఇయ్యి. దసరాకు మా ఇంటి నుంచి వస్తయి, పోస్టుల పంపిస్త.

ఓరుగల్లు_బిడ్డ (అదే రోజు)

శాన సంతోషం తమ్మీ. వచ్చే నెల నేను లైప్జిగ్ వస్తున్న, ఆడికెల్లి మీ ఊరు గంట. నా కాడ ఓ రైస్ కుక్కర్ ఉన్నది, లైటు ఎలుగుతది గని ఏడి అయితలేదు. పడేయ బుద్ధి అయితలేదు, అమ్మ ఇచ్చి పంపింది. తేవాల్నా?

ఉప్పుటేరు_గట్టు (అదే రోజు)

తెచ్చేయ్ అన్నా. హీటింగ్ ప్లేటో, స్విచ్చో పోయి ఉంటుంది, చూద్దాం. నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం రెండింటికి మొదలు. నువ్వు ఒకటిన్నరకే వచ్చేయ్, బల్లలు వేయాలి.